పచ్చ అంటే ఏ పచ్చ?

"వీడియో అంతా పచ్చగా వచ్చింది, ఏం చెయ్యాలి?" అని ఎవరైనా అడిగితే, ఏ పచ్చ అని ఎదురు అడుగుతాను. మన భాషలో పసుపూ పచ్చే, ఆకు రంగూ పచ్చే. ఎడిటింగ్‌లో మాత్రం ఈ రెండింటికీ కారణాలు వేరు, మందులు వేరు.

పసుపు ఛాయకు కారణం చాలాసార్లు ఫిలమెంట్ బల్బు. వేడికి కాలే తీగ ఇచ్చే వెలుగులో ఎరుపు ఎక్కువ, నీలం తక్కువ. ఈ తేడాను ఉష్ణోగ్రత కొలిచే కెల్విన్లలోనే చెబుతారు. కొవ్వొత్తి సుమారు 1900, ఇంట్లో బల్బు 2700 నుంచి 2800, మధ్యాహ్నపు ఎండ 5500 చుట్టుపక్కల, ఎండ తగలని నీడ 7000 పైన. తమాషా ఏమిటంటే, మనం చల్లన అనుకునే నీలం వైపే అంకె పెద్దది. ఈ పసుపు–నీలం తూకం సరిచేసేది ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అటూ ఇటూ జరిపే టెంపరేచర్ స్లైడర్.

ఆకుపచ్చ ట్యూబ్‌లైట్ల సంగతి. వాటిలోని పాదరసపు ఆవిరి 546 నానోమీటర్ల దగ్గర గట్టి ఆకుపచ్చ వెలుగు ఇస్తుంది. టెంపరేచర్‌ను ఎంత జరిపినా అది పోదు. దాని పక్కనుండే టింట్ స్లైడర్‌ను ఆకుపచ్చకు ఎదురు రంగైన మెజెంటా వైపు జరపాలి.

అయితే ఆ ట్యూబ్‌లైట్ కింద కూర్చున్నప్పుడు మనకు ఏ పచ్చా కనిపించదేం? పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు గానీ, కన్ను చేసేది దానికి తిరగేసిన పని. లోకం పచ్చగా ఉన్నా కాసేపట్లో తెల్లగా చూపించేస్తుంది. కంట్లోని మూడు రకాల శంకు కణాలూ దేనికది తన సున్నితత్వాన్ని సర్దుకుంటుందని 1902లో యొహానెస్ ఫాన్ క్రీస్ ప్రతిపాదించాడు. సాఫ్ట్‌వేర్‌లో వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపును తెల్లగా చూపించే సర్దుబాటు, లెక్క కూడా మూలంలో ఇదే: ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానళ్లను ఒక్కోదాన్ని ఒక్కో సంఖ్యతో గుణించడం.

కంటి ఈ మంచితనమే ఎడిటర్‌ కొంప ముంచుతుంది. గంటసేపు అదే షాట్ చూస్తే తప్పు రంగు కూడా బాగానే ఉందనిపిస్తుంది. అందుకే రంగులను కొలిచి గ్రాఫుగా చూపే స్కోప్స్ తెరిచి పెట్టుకోవాలి. వాటిలో ఒకటైన ఆర్‌జీబీ పరేడ్‌లో మూడు చానళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఫ్రేములో ఏ రంగూ లేని వస్తువు, బూడిద రంగు గోడో కాగితమో, మూడింట్లోనూ ఒకే ఎత్తులో ఉండాలి. మరీ మెరిసే తెలుపును నమ్మొద్దు. 8 బిట్ వీడియోలో ఎరుపు గరిష్ఠ విలువైన 255 దగ్గర ఆగిపోయిందంటే, అసలు ఎంత ఉండేదో ఫైల్‌లో లేదు. ఏ గుణకారమూ దాన్ని తిరిగి తేలేదు. ఇంకో చిక్కు: బల్బు వెలుగులో నీలం చానల్ ముందే బలహీనం, దాన్ని పెంచితే నాయిస్, అంటే బొమ్మలో కనిపించే గరుకు చుక్కలు, కూడా పెరుగుతుంది. ఈ రెండూ తప్పాలంటే షూటింగ్‌లోనే వైట్ బ్యాలెన్స్ పెట్టుకోవాలి, ఆటోలో వదలకుండా.

ఇక రంగును తనంతట తానే సరిచేసే ఆటో బటన్‌కు సాయంకాలపు ఎండ కూడా లోపంలాగే కనిపిస్తుంది. నొక్కితే పొద్దుగూకే వేళ కాస్తా మధ్యాహ్నమైపోతుంది.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది మిశ్రమ వెలుగు. ఒక చెంపపై కిటికీలోంచి నీలం, మరో చెంపపై బల్బు పసుపు. ఒక్క స్లైడర్‌తో రెండూ కుదరవు. అప్పుడు మార్పు ముఖం వరకే పడేలా మాస్క్ వేసి, చర్మం రంగు వెక్టర్‌స్కోప్‌లో (రంగులను చక్రంలా చూపే స్కోప్) చర్మానికని గీసిన స్కిన్ లైన్ దగ్గరికి వచ్చేదాకా సరిచేసి, వెనక గోడను దాని మానాన వదిలేస్తాను.