“మా వంశంలో షుగర్ లేదు సార్”: అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో ఫిజీషియన్‌గా నేను తరచూ వినే మాట ఇది. వంశంలో లేదు కాబట్టి రిపోర్టే తప్పయి ఉంటుందని ఇంటికి వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. జబ్బుల నుంచి కాపాడే జన్యువులు నిజంగానే ఉన్నాయి. కానీ అవి ఏ జబ్బును ఆపుతాయో, ఎంతవరకు ఆపుతాయో తెలుసుకోకుండా భారమంతా వాటి మీద వేస్తే ప్రాణం మీదికొస్తుంది.

అపోహ: మా జేజినాయన బీడీలు తాగుతూనే తొంభై ఏళ్లు బతికినాడు. మాది గట్టి రక్తం.

వాస్తవం: ఆయనతోపాటు బీడీలు తాగి అరవై దాటకుండానే పోయినవాళ్ల మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. బ్రిటన్‌లో రిచర్డ్ డాల్ బృందం వేలమంది డాక్టర్లను 1951 నుంచి 50 ఏళ్లు గమనించింది. సిగరెట్లు మాననివాళ్లు, అసలు తాగనివాళ్లకన్నా సగటున 10 ఏళ్లు ముందుగా చనిపోయారు. 50 ఏళ్ల వయసులో మానినవాళ్లు కూడా దాదాపు 6 ఏళ్ల ఆయుష్షు దక్కించుకున్నారు. జేజినాయన జన్యువుల్లో మనవడికి అందేది సుమారు పావు వంతు. ఆయన చేనికి నడిచిన నడక, మడక దున్నిన కష్టం అసలే అందవు.

అపోహ: మంచి జన్యువు ఉంటే ఏ జబ్బూ దగ్గరికి రాదు.

వాస్తవం: కాపాడే జన్యువు సాధారణంగా ఏదో ఒక్క జబ్బు విషయంలోనే పనికొస్తుంది. ఒక్కోసారి దానివల్ల నష్టమూ ఉంటుంది. సికిల్ సెల్ జన్యువు అమ్మానాన్నల్లో ఒకరి నుంచే వస్తే తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ దొరుకుతుంది; 1954లో ఆంథొనీ ఆలిసన్ దీన్ని చూపించారు. ఇద్దరి నుంచీ వస్తే జీవితాంతం వేధించే రక్తజబ్బు అవుతుంది.

నాకు అన్నిటికన్నా ఆశ కలిగించేది పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్ కథ. మన కాలేయం రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను లాగేస్తుంది. ఈ ప్రోటీన్ ఆ పనికి అడ్డుపడుతుంది. కొందరిలో పుట్టుకతోనే దీని జన్యువు సరిగా పనిచేయదు, అందుకే వాళ్లకు చెడు కొలెస్ట్రాల్ చిన్నప్పటి నుంచీ తక్కువ. వాళ్లలో గుండె జబ్బు చాలా తక్కువని 2006లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. దాని ఆధారంగా తయారైన ఇంజెక్షన్లు 2015లో వచ్చాయి. అలాంటి జన్యువు లేనివాళ్లు తక్కువ ధరకు దొరికే స్టాటిన్ మాత్రలతోనే చెడు కొలెస్ట్రాల్ బాగా తగ్గించుకోవచ్చు. రాసిచ్చిన స్టాటిన్‌ను నెలకే ఆపేయకండని అందుకే బతిమాలుతుంటాను.

అపోహ: సంగటి తినేవాళ్లకు, సన్నగా ఉన్నవాళ్లకు షుగర్ రాదు.

వాస్తవం: వస్తుంది. రాగుల్లో కాల్షియం, పీచు ఉన్నాయి, పిండిపదార్థమూ బాగానే ఉంది. పైగా సంగటిలో బియ్యం కలుస్తుంది. ముద్ద తగ్గించి పప్పు, ఆకుకూర పెంచండి. మనవాళ్లలో సన్నటి మనిషికీ పొట్టలోపల కొవ్వు చేరుతుంది, అదీ షుగర్‌కు దారితీస్తుంది.

అపోహ: మేనరికంతో ఏమీ కాదు, మా ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు.

వాస్తవం: చాలా జంటలకు ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు, అందుకే ఆ నమ్మకం సడలదు. మనలో దాదాపు ప్రతి జన్యువుకూ రెండు కాపీలుంటాయి. చాలా జబ్బుల్లో ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది. దగ్గర చుట్టాలు పెళ్లి చేసుకుంటే, చెడిన కాపీ ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. అలా ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పుట్టు చెవుడు, తలసీమియా, కారణం తెలియని పసిబిడ్డల మరణాలు ఇంట్లో ఉంటే పెళ్లికి ముందే జన్యు నిపుణులను కలవండి. ఇప్పటికే పెళ్లయినవాళ్లు టెన్షన్ పడొద్దు, గర్భం రాకముందే డాక్టర్‌తో మాట్లాడండి.

అపోహ: గార పళ్లు, కీళ్లు పట్టేయడం మాకు వంశపారంపర్యం.

వాస్తవం: ఇంటిల్లిపాదీ తాగేది ఒకే బోరు నీళ్లు. మన జిల్లాలో చాలాచోట్ల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ, పళ్లనూ కీళ్లనూ పాడుచేసేది అదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచినా పోదు, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లవాళ్లు ముందుగా గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) ల్యాబ్‌లో బోరు నీటిని పరీక్ష చేయించండి. శాశ్వత దంతాలు లోపల తయారయ్యేది ఆ వయసులోనే, అప్పుడు పట్టిన మచ్చ తర్వాత నీళ్లు మార్చినా పోదు.