చిట్టీ మీద అమ్మ చేతిరాత

గుంటూరులో పదో తరగతి పరీక్షలకు ఏళ్ల తరబడి ఇన్విజిలేటర్‌గా వెళ్తున్నాను. గేటు దగ్గర తల్లిదండ్రులు నాతో అనే మాటలకు జవాబులివి.

అపోహ: కాపీ కొట్టేది పిల్లలు, మధ్యలో మాకేం సంబంధం?

వాస్తవం: బ్రాడీపేటలో ఒకసారి లెక్కల పరీక్ష. ప్రశ్నపత్రాలు పంచకముందు, "కాగితాలేమైనా ఉంటే ఇప్పుడే ఇచ్చేయండమ్మా" అన్నాను. ఒక అమ్మాయి కంపాస్ బాక్సులో స్కేలు కింద నుంచి మడతపెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. చెమటకు మెత్తబడిపోయింది. త్రికోణమితి సూత్రాలు, గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

"నీ రాతేనా?"

"కాదు టీచర్, మా అమ్మ రాసింది. వద్దంటే ఏడ్చింది."

గంట కొట్టకముందే ఇచ్చేసింది కాబట్టి పరీక్ష రాయనిచ్చాను. కానీ చాలాసేపటి వరకు ఆ పిల్ల చేతిలో పెన్ను నిలవలేదు. ఆ తల్లిని చెడ్డమనిషి అనలేను. ఆమెకు భయం. కూతురికి సూత్రాలు వస్తాయన్న నమ్మకం లేదు, ఆ సంగతి కూతురికి తెలిసిపోయింది. ఆరో తరగతిలో ప్రాజెక్టు నాన్న చేసిపెట్టి, పేరు మాత్రం పిల్లవాడిది రాసిన నాడే ఇది మొదలవుతుంది.

అపోహ: ఫెయిలైతే ఏడాది వృథా.

వాస్తవం: కాదు. ఫలితాలు వచ్చిన కొన్ని వారాలకే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు పెడతారు. వాటిలో గట్టెక్కిన వాళ్లు అదే ఏడాది ఇంటర్‌లో చేరుతున్నారు. లెక్కల్లో కావలసింది నూటికి 35. రోజుకు ఒక గంట కూర్చోబెడితే అందే మార్కులవి. మార్కుల మీద అనుమానముంటే రీకౌంటింగ్ (మార్కులు మళ్లీ కూడటం), రీవెరిఫికేషన్ (జవాబుపత్రం మళ్లీ చూడటం) ఉన్నాయి. ఇంతమంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియకపోవడం నాకు నిజంగా బాధ.

అపోహ: పట్టుబడితే పిల్లవాడిని డీబార్ చేస్తారు (పరీక్షలు రాయనివ్వరు), అంతే.

వాస్తవం: 1997 నాటి రాష్ట్ర చట్టం కింద పరీక్షల్లో అక్రమాలకు 3 నుంచి 7 ఏళ్ల జైలు, 5 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ప్రోత్సహించిన పెద్దలకూ ఆ చట్టం వర్తిస్తుంది.

అపోహ: బడివాళ్లు 'పరీక్షల ఖర్చు' అడిగితే ఇవ్వడం మామూలే.

వాస్తవం: పరీక్ష ఫీజు ఎంతో ప్రభుత్వమే ప్రకటిస్తుంది. ఆపైన 'హాల్లో చూసుకుంటారు' అని తీసుకునేది లంచం. "డబ్బు కట్టాం కదా మేడం, మా వాడిని ఎందుకు కదలనివ్వలేదు?" అని ఒక తండ్రి నన్ను నిలదీశాడు. డబ్బు కట్టారని తెలిశాక, జనవరి నుంచి ఆ అబ్బాయి పుస్తకం ముట్టలేదట.

అపోహ: పరీక్ష రాసి రాగానే మార్కులు లెక్కవేయడం శ్రద్ధ.

వాస్తవం: ముందురోజు ఇంట్లో అలా మార్కులు లెక్కవేయించుకున్న పిల్లలే మరుసటి పరీక్షలో పక్కవాడి పేపరు వైపు చూస్తారు. ముందు అన్నం పెట్టండి. ఆ ప్రశ్నపత్రాన్ని పరీక్షలన్నీ అయ్యేదాకా బీరువాలో పెట్టండి.