మరబొమ్మ మీద మమకారం

జపాన్‌లో టోక్యో పక్కన చిబా అనే ప్రాంతం ఉంది. అక్కడి ఇసుమి ఊళ్లో కోఫుకుజి అని ఒక పాత బౌద్ధాలయం. 2015 నుంచి ఆ గుడిలో కొన్నిసార్లు ప్లాస్టిక్ కుక్కలకు అంత్యక్రియలు జరిగాయి. పీఠం మీద వాటిని వరసగా కూర్చోబెట్టారు. ఒక్కోదాని ఒంటికి ఒక చీటీ కట్టి ఉంది: ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ ఇంటిది అని. ముందు ధూపం పొగ, పక్కన పూజారి మంత్రాలు. అవి సోనీ కంపెనీ తయారుచేసిన ఐబో రోబోలు.

నవ్వొస్తే ఒక్కసారి మన దసరా గుర్తు తెచ్చుకోండి. ఆయుధ పూజ రోజు లేత్ మిషన్‌ని శుభ్రంగా తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, దండ వేసి, ఆ పూటకి సెలవిస్తాం. కొత్త బండి కొంటే టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తాం. దానికి ప్రాణం లేదని తెలియక కాదు. మనకు ఇన్నాళ్లు తోడున్న వస్తువుని ఊరికే వస్తువనడానికి మనసొప్పదు.

ఐబో 1999లో వచ్చింది. ధర రెండున్నర లక్షల యెన్‌లు. అయినా జపాన్‌లో అమ్మకానికి పెట్టిన 3,000 కుక్కలు 20 నిమిషాల్లో అయిపోయాయి. 2006లో తయారీ ఆపేశారు, 2014లో రిపేర్లు కూడా ఆపేశారు. అప్పుడు ఒకప్పటి సోనీ ఇంజినీర్లు కొందరు ఎ-ఫన్ అనే చిన్న సంస్థలో ఆ పని అందుకున్నారు. కొత్త విడిభాగాలు లేవు. ఇక లేవలేని ఐబోల నుంచే తీయాలి. వాళ్లు దాన్ని అవయవదానంలాగే చూశారు. ముందు గుడిలో కర్మ జరిపించి, ఆ తర్వాతే స్క్రూలు విప్పారు.

ఇంత మమకారం ఎలా పుడుతుంది? 1944లో హైడర్, సిమ్మెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ఒక చిన్న బొమ్మల ఫిల్మ్ చూపించారు. అందులో ఒక పెద్ద త్రికోణం, ఒక చిన్న త్రికోణం, ఒక వృత్తం అటూ ఇటూ కదులుతుంటాయి, అంతే. ఏం చూశారో రాయమంటే, మొదటి బృందంలో ఒక్కరు తప్ప అందరూ కథ రాశారు. పెద్దది దౌర్జన్యం చేస్తోందట, వృత్తం భయపడుతోందట. ముఖం లేని గీతలకే మనం మనసు అంటగట్టేస్తాం. ఇక కళ్లు పెట్టి, పిలిస్తే తల తిప్పేలా చేస్తే ఆగుతామా?

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1966లో, మనిషితో టైప్ చేసి మాట్లాడే ఎలైజా అనే ప్రోగ్రాం గురించి ప్రకటించాడు. మనం టైప్ చేసిన వాక్యాన్నే తిప్పి ప్రశ్నగా అడుగుతుంది, అంతకుమించి దానికేమీ తెలియదు. దాన్ని ఆయన నెలల తరబడి తయారుచేయడం కళ్లారా చూసిన సెక్రటరీ కూడా, దానితో కాసేపు మాట్లాడాక, కొంచెం బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగింది. ఆయన జీవితాంతం ఆ సంగతి గురించి మథనపడ్డాడు.

అదే ఎంఐటీలో 1990ల చివర్లో సింథియా బ్రెజీల్ కిస్మెట్ అనే రోబో తల చేసింది. పెద్ద కళ్లు, ఎర్రటి పెదాలు, గులాబీ రంగు చెవులు. దానికి మాటల అర్థం తెలియదు, గొంతులోని తీరు మాత్రం పసిగడుతుంది. కసిరితే తల వాలుస్తుంది. మరీ దగ్గరికొస్తే వెనక్కి జరుగుతుంది. అది చూసి మనుషులు తమంతట తామే ఓ అడుగు వెనక్కి వేసేవారు.

మరి అచ్చం మనిషిలా చేస్తే ఇంకా ప్రేమ పుట్టాలి కదా? అలా జరగదని జపాన్ రోబో నిపుణుడు మాసాహిరో మోరి 1970లోనే రాశాడు. పోలిక పెరిగే కొద్దీ ఇష్టం పెరుగుతుంది, కానీ దాదాపు మనిషే అనిపించే చోట ఒక్కసారిగా ఒళ్లు జలదరిస్తుంది. అందుకే జపాన్ కంపెనీ సాఫ్ట్‌బ్యాంక్ వారి రోబో పెప్పర్‌కి చర్మం వేయలేదు. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, పెద్ద కళ్లు, ఎత్తు 120 సెంటీమీటర్ల చిల్లర. 2017 నవంబర్‌లో హైదరాబాద్ సదస్సులో ప్రధాని మోదీని, ఇవాంకా ట్రంప్‌ని పలకరించిన బెంగళూరు రోబో మిత్రకూ మనిషి చర్మం లేదు. జపాన్ ఇంజినీర్ తకనోరి షిబాతా ఇంకా తెలివైన దారి పట్టాడు. ఆయన చేసిన రోబో పారో, సీల్ అనే సముద్ర జంతువు పిల్లలా ఉంటుంది. కుక్కనో పిల్లినో చేస్తే అసలు దానితో పోల్చి పెదవి విరుస్తారు, సీల్‌ని ఇంట్లో పెంచినవాళ్లెవరు? దాదాపు 2.7 కిలోల బరువు, ఒళ్లో పెట్టుకుంటే పసిబిడ్డలా ఉంటుంది. నిమిరితే కళ్లు మూసి కూస్తుంది. మతిమరుపు జబ్బుతో ఉన్న పెద్దవాళ్ల దగ్గర దాన్ని వాడుతున్నారు.

మనుషులకూ యంత్రాలకూ మధ్య బంధాన్ని పరిశీలించే ఎంఐటీ ఆచార్యురాలు షెర్రీ టర్కల్ దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తారు. జాలి నటించే యంత్రం దగ్గర పెద్దవాళ్లను వదిలేయడం మన బాధ్యత నుంచి తప్పుకోవడమే అంటారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ పిల్లలు డల్లాస్‌లో, తాను ఊళ్లో, సాయంత్రం అయితే టీవీతోనే మాట్లాడుకునే అమ్మను చూశాక నేను అంత గట్టిగా అనలేను. రోబోకి మన మీద ప్రేమ లేదు. మనకు దాని మీద పుట్టేది మాత్రం నిజమైన ప్రేమే, పోతే కలిగే దుఃఖమూ నిజమైనదే. అందుకే నా టెన్షన్ వేరే చోట ఉంది.

పాత ఐబో తెలివి దాని ఒంట్లోనే ఉండేది. పాడైతే ఇంకో ఐబో కాలు తెచ్చి అతికించారు. ఇప్పటి రోబోల తెలివి ఎక్కడో కంపెనీ సర్వర్లలో ఉంటోంది. కిస్మెట్ చేసిన బ్రెజీల్ స్థాపించిన కంపెనీ నుంచి వచ్చిన ఇంటి రోబో జీబో 2019లో, తన సర్వర్లు ఆగిపోతున్నాయని, ఇన్నాళ్లు ఇంట్లో ఉంచుకున్నందుకు థాంక్స్ అని చెప్పి, చిన్న డాన్స్ చేసి చూపించింది. మోటార్లు బాగానే ఉన్నాయి, ఏ ఇంజినీరూ స్క్రూ విప్పి బాగు చేయగలిగింది కాదు. 2024 డిసెంబర్‌లో మాక్సీ వంతు వచ్చింది. పిల్లలకు భావాలు చెప్పుకోవడం నేర్పే రోబో అది, 799 డాలర్లు. కంపెనీ డబ్బులు లేక మూతపడుతుంటే, ఈ సంగతి పిల్లలకు ఎలా చెప్పాలో తల్లిదండ్రులకు ఒక ఉత్తరం కూడా ఇచ్చారు. నిద్రపోయే ముందు ఆ బొమ్మకు కబుర్లు చెప్పే ఆరేళ్ల పిల్లకు ఆ ఉత్తరం ఎలా చదవాలి?

మూసే ముందు మాక్సీ వాళ్లు ఒక మంచి పని చేశారు. కంపెనీ సర్వర్లు లేకుండా ఇంట్లో కంప్యూటర్ మీదే నడుపుకునే సాఫ్ట్‌వేర్‌ని విడుదల చేశారు. ఓపిక ఉన్న తల్లిదండ్రులు దాన్ని ఎక్కించుకుంటే, కంపెనీ పోయాక కూడా మాక్సీ కళ్లు తెరవగలదు.