రిప్పర్ పేరిట ఆకాశరామన్నలు: అపోహలు - వాస్తవాలు

నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి వీలునామాలు, ప్రామిసరీ నోట్లు, చెక్కుల మీది సంతకాలు. అప్పుడప్పుడు ఆకాశరామన్న ఉత్తరాలు. చేతిరాతలు, పత్రాలు పరీక్షించడం నా పని అని తెలియగానే పెళ్లిళ్లలో, రైళ్లలో జనం అడిగేవి రెండే రెండు. ఒకటి, "మా అబ్బాయి సంతకం చూసి వాడి జాతకం చెప్తారా?" చెప్పలేను. రెండోది, "జాక్ ద రిప్పర్ అన్ని ఉత్తరాలు రాశాడు కదా, రాతను బట్టి వాణ్ని పట్టుకోలేకపోయారా?" దీనికి నిలబడి జవాబు చెప్పడం కుదరదు. అందుకే రాస్తున్నా.

ముందు అసలు సంగతి. 1888 ఆగస్టు 31 నుంచి నవంబరు 9 లోపు తూర్పు లండన్‌లోని వైట్‌చాపెల్‌లో, దాని చుట్టుపక్కల ఐదుగురు పేద స్త్రీలను చంపేశారు. మేరీ ఆన్ నికొల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, క్యాథరిన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీ. ఈ ఐదూ ఒకడి పనేనని ఎక్కువమంది నమ్మకం. 1891 దాకా లెక్కేస్తే పోలీసు ఫైల్లో ఉన్న హత్యలు పదకొండు. హంతకుడు దొరకలేదు. జాక్ ద రిప్పర్ అన్నది వాడికి పడిన పేరు.

అపోహ: 'జాక్ ద రిప్పర్' అని హంతకుడే పేరు పెట్టుకున్నాడు

ఆ పేరు మొదట కనిపించింది ఒక ఉత్తరంలో. తేదీ సెప్టెంబరు 25, పోస్టు ముద్ర 27. 'డియర్ బాస్' అని మొదలవుతుంది కాబట్టి అదే పేరుతో పిలుస్తారు. ఎర్ర సిరా, పొందికైన గుమస్తా రాత. మొన్నటి హత్యలో కాస్త రక్తం జింజర్ బీర్ సీసాలో దాచుకున్నాననీ, అది జిగురులా గడ్డకట్టడంతో ఎర్ర సిరాతో రాస్తున్నాననీ వెటకారం. నన్ను డాక్టరంటున్నారట, హహ్హ అని చివర్లో ఇంకో కొసరు. ఈసారి చెవులు కోసి పోలీసులకు పంపుతానన్నాడు.

నేనైతే రాత కంటే ముందు చిరునామా చూస్తాను. ఉత్తరం పోలీసులకు రాయలేదు, పత్రికకూ రాయలేదు. సెంట్రల్ న్యూస్ అనే వార్తా సంస్థకు రాశారు. పత్రికలకు వార్తలు అమ్మే ఇలాంటి ఆఫీసు ఒకటుంటుందని మామూలు మనిషికి ఎందుకు తెలుస్తుంది? పైగా, ఇంకో హత్య చేసేదాకా ఉత్తరం మీ దగ్గరే ఉంచి తర్వాత బయటపెట్టండి అన్న సలహా కూడా అందులోనే ఉంది. వార్త ఎప్పుడు పేలుతుందో తెలిసినవాడి మాట అది. సంస్థ దాన్ని 29న లండన్ పోలీసుల ప్రధాన కార్యాలయం స్కాట్లండ్ యార్డుకు పంపింది. మర్నాడు, 30 తెల్లవారుజామునే స్ట్రైడ్, ఎడోస్ హత్యలు జరిగాయి. ఎడోస్ చెవి తమ్మె కొంత తెగి ఉండడంతో ఉత్తరం నిజమేనని గగ్గోలు లేచింది. కానీ పోలీసులకు చెవులేవీ రాలేదు. వెంటనే వచ్చిన 'సాసీ జాకీ' పోస్టుకార్డు మీద ముద్ర అక్టోబరు 1. అప్పటికి జంట హత్యల కబురు పత్రికలకెక్కేసింది.

పోలీసు పెద్దలే దీన్ని నమ్మలేదు. రాబర్ట్ ఆండర్సన్ 1910లో తన జ్ఞాపకాల్లో ఇది లండన్ పాత్రికేయుడి సృష్టి అని రాశారు. 1913లో మాజీ అధికారి లిటిల్‌చైల్డ్ ఒక ఉత్తరంలో సెంట్రల్ న్యూస్‌కే చెందిన బుల్లింగ్ మీద అనుమానం ఉండేదన్నారు. ఇది అనుమానమే, రుజువు కాదు. 2018లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రియా నీనీ రిప్పర్ పేరిట ఉన్న 209 రాతల్లోని పదబంధాలను పోల్చి, డియర్ బాస్, సాసీ జాకీ ఒకే మనిషి రాసి ఉండే అవకాశం బలంగా ఉందన్నారు. హంతకుడు రాశాడని మాత్రం ఆయన చెప్పలేదు. రాసింది ఒకడే అని చెప్పడం వేరు, రాసినవాడే చంపాడని చెప్పడం వేరు. కోర్టులో నేను రోజూ పడే తంటా ఇదే.

అపోహ: వందల ఉత్తరాలొచ్చాయంటే కొన్నయినా నిజమైనవై ఉండాలి

ఆ వందలు ఎందుకొచ్చాయో చూడండి. అక్టోబరు 3న పోలీసులు ఉత్తరాన్నీ కార్డునూ ఉన్నవున్నట్టు పోస్టరు మీద అచ్చేసి, ఈ రాత ఎవరిదో గుర్తుపట్టండి అన్నారు. మా వృత్తిలో ఇంతకంటే పెద్ద పొరపాటు ఉండదు. కాపీ కొట్టేవాడికి కాపీ పుస్తకం చేతికిచ్చినట్టే. అక్కణ్ణుంచి ఊరూరా జాకులు పుట్టుకొచ్చారు. బ్రాడ్‌ఫర్డ్‌లో రిప్పర్ మీ ఊరికి వస్తున్నాడని రాసి పట్టుబడింది మరియా కరోనర్ అనే 21 ఏళ్ల అమ్మాయి. సరదాకి రాశానంది. పూచీకత్తు రాయించుకుని వదిలేశారు.

నాకు ఆసక్తి ఉన్నది ఒక్క 'నరకం నుంచి' ఉత్తరం మీదే. అక్టోబరు 16న స్థానిక గస్తీ కమిటీ అధ్యక్షుడు జార్జ్ లస్క్‌కు చిన్న పెట్టెలో సగం మూత్రపిండంతో వచ్చింది. కింద రిప్పర్ సంతకం లేదు. చదువురానివాడి రాతలా ఉంటుంది, స్పెల్లింగులన్నీ వంకర. కానీ 'నైఫ్' అన్న మాటకు ముందు పలకని 'కె' అక్షరం మాత్రం పెట్టాడు. ఒకసారి నా దగ్గరికొచ్చిన ఆకాశరామన్న ఉత్తరంలో 'వూర్కి', 'మడిసి' అని రాసిన మహానుభావుడు 'ధ్రువీకరణ' అన్న మాటను సరిగ్గా ర-వత్తుతో రాశాడు. పట్టభద్రులే దాన్ని 'ధృవీకరణ' అని రాస్తుంటారు. చదువు దాచుకోవడం చాలా కష్టం. లస్క్ ఉత్తరం రాసింది కూడా అలాంటివాడేనా? పలకని 'కె' ఒక్కటి చూసి నేను సంతకం పెట్టను. లండన్ ఆసుపత్రి డాక్టర్ ఓపెన్‌షా అది మనిషి మూత్రపిండమే అన్నారు. ఎవరిదో తేల్చే దారి ఆ రోజుల్లో లేదు. వైద్య విద్యార్థుల కొంటె పని అనుకున్నవాళ్లూ ఉన్నారు.

అపోహ: భయం పుట్టింది ఉత్తరాలతోనే

అంతకు ముందే పుట్టింది. సెప్టెంబరు మొదట్లోనే పత్రికలు 'లెదర్ ఏప్రన్' అనే బూచాణ్ని తయారుచేశాయి. చాప్‌మన్ చనిపోయిన పెరట్లో కుళాయి దగ్గర తోలు ఏప్రన్ కనిపించగానే ఊరు ఊగిపోయింది. అది ఆ ఇంటావిడ కొడుకుది, ఉతికి పెట్టారు. అంతే. అదే మారుపేరున్న జాన్ పైజర్ అనే యూదు చెప్పుల పనివాణ్ని 10న అరెస్టు చేశారు. నికొల్స్ హత్య రాత్రి అతను లండన్ రేవులో అగ్నిప్రమాదం మంటల్ని దూరం నుంచి చూస్తూ ఒక పోలీసుతో మాట్లాడుతున్నాడని తేలింది. ఈలోగా వీధుల్లో యూదుల మీద కేకలు, దౌర్జన్యం.

జంట హత్యల రాత్రి గోల్‌స్టన్ వీధిలో ఎడోస్ ఏప్రన్ ముక్క దొరికిన చోటే, గోడ మీద సుద్దతో యూదుల గురించి ఒక వాక్యం కనిపించింది. తెల్లవారితే గొడవలవుతాయని కమిషనర్ చార్లెస్ వారెన్ ఫోటో కూడా తీయనీయకుండా తుడిపించేశారు. గొడవల భయం నిజమే, ఆయన్ని తిట్టలేను. కానీ మిగిలింది ఇద్దరు ముగ్గురు పోలీసులు రాసుకున్న నకళ్లే. వాటిలో 'కాదు' అన్న మాట ఒకరు ఒకచోట, ఇంకొకరు మరోచోట రాశారు. అర్థమే మారిపోతుంది. ఆ రాత ఆ రాత్రిదేనని చెప్పడానికీ ఆధారం లేదు. దాని మీద ఇప్పటికీ గ్రంథాలు రాస్తూనే ఉన్నారు.

అపోహ: పొగమంచు, పొడుగు టోపీ, నల్ల కోటు

సినిమా వేషం. ఎడోస్‌తో మాట్లాడుతున్న మనిషిని చూసిన లావెండే చెప్పింది ముందు అంచున్న మామూలు బట్ట టోపీ, మెడకు ఎర్ర రుమాలు.

అపోహ: హంతకుడు రాకుమారుడు ఆల్బర్ట్ విక్టర్

హత్యలప్పుడు విక్టోరియా రాణి మనవడైన ఆయన యార్క్‌షైర్‌లో, స్కాట్లండ్‌లో ఉన్నట్టు రాజకుటుంబ రికార్డులున్నాయి. రాజకుటుంబ కుట్ర కథ చెప్పిన జోసెఫ్ సికర్ట్ అది కల్పితమని 1978లో తానే ఒప్పుకున్నాడు. బెంగళూరు లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన జరిగే గాజు మంటపానికి 1889 నవంబరు 30న శంకుస్థాపన చేసింది ఈ రాకుమారుడే. ఈసారి వెళ్తే గుర్తుచేసుకోండి.

అపోహ: డైరీ దొరికింది, శాలువా దొరికింది, కేసు తేలిపోయింది

1992లో లివర్‌పూల్‌కు చెందిన మైకేల్ బారెట్ ఒక డైరీ తెచ్చాడు. 1889లో చనిపోయిన పత్తి వ్యాపారి జేమ్స్ మేబ్రిక్ రాసినదట, తానే రిప్పర్‌నని ఒప్పుకున్నాడట. విక్టోరియా కాలపు ఆల్బమే, కానీ మొదటి పేజీలు కోసేసి ఉన్నాయి. మన దగ్గర పాత స్టాంపు కాగితం సంపాదించి వెనకటి తేదీతో అగ్రిమెంటు పుట్టించేవాళ్లు కొత్తేమీ కాదు కాబట్టి, మొదటి పేజీలు లేవనగానే నాకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. కాగితం వయసు, రాత వయసు ఒకటే కానక్కర్లేదు. ఆ రాత మేబ్రిక్ వీలునామాతో కలవదు. 'జాక్ ద రిప్పర్' అని పేరు పెట్టుకుంది తానేనని డైరీలో అంటాడు గానీ డియర్ బాస్ రాతతోనూ కలవదు. అమెరికా పత్ర నిపుణుడు కెన్నెత్ రెండెల్ 1993లోనే నకిలీ అన్నారు. 1995లో బారెట్ తామే తయారుచేశామని ప్రమాణపత్రం ఇచ్చాడు, తర్వాత మాట మార్చాడు. సిరా పరీక్షలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగలేదు. నమ్మేవాళ్లు ఇప్పటికీ పట్టుకుని వేలాడేది దాన్నే.

శాలువాది ఇంకో కథ. ఎడోస్ దగ్గర దొరికినదంటూ వచ్చిన శాలువా మీది డీఎన్‌ఏ అప్పటి అనుమానితుల్లో ఒకడైన ఆరన్ కాస్మిన్‌స్కీని పట్టించిందని 2014లో హడావుడి చేశారు. చాలా అరుదన్న జన్యుమార్పు నిజానికి యూరోపియన్లలో దాదాపు అందరికీ ఉండేదే, నంబరు తప్పు చదివారు. ఎడోస్ ఒంటి మీదివీ, జేబుల్లోవీ ఖాళీ అగ్గిపెట్టెతో సహా పోలీసులు జాబితా రాశారు. అందులో శాలువా లేదు. నాకు అదొక్కటే చాలు.

అపోహ: ఆకతాయి ఉత్తరాలతో ఎవరికీ నష్టం లేదు

ఇది అన్నిటికంటే ప్రమాదకరం. 1978-79లో ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఇంకెవడో చేస్తున్న స్త్రీల వరుస హత్యల దర్యాప్తు అధికారి జార్జ్ ఓల్డ్‌ఫీల్డ్‌కు 'జాక్ ద రిప్పర్' సంతకంతో ఉత్తరాలు, ఒక టేపు వచ్చాయి. 1888 ఉత్తరాల ధోరణే. టేపులోని యాసను బట్టి హంతకుడు సండర్లండ్ వాడని పోలీసులు నమ్మారు. ఆ యాస లేనివాణ్ని, రాత కలవనివాణ్ని అనుమానితుల జాబితా నుంచి తప్పించారు. అలా తప్పించుకున్నవాళ్లలో అసలు హంతకుడు, బ్రాడ్‌ఫర్డ్ లారీ డ్రైవర్ పీటర్ సట్‌క్లిఫ్ ఉన్నాడు. టేపు వచ్చాక ఇంకో ముగ్గురు స్త్రీలను చంపి, 1981 జనవరిలో దొరికాడు. ఉత్తరాలు రాసిన జాన్ హంబుల్ మాత్రం 2005లో చిక్కాడు. కవరు అంటించడానికి గమ్ము నాకినప్పుడు అంటిన ఉమ్మిలో డీఎన్‌ఏ మిగిలింది. ఎనిమిదేళ్ల శిక్ష పడింది. ఆ కేసులో రాత పోల్చినవాళ్లు తప్పు చెప్పలేదు. సట్‌క్లిఫ్ రాత నిజంగానే ఆ ఉత్తరాలతో కలవదు. వాళ్లను అడిగిన ప్రశ్నే తప్పు.

ఇంతకీ అసలు ఉత్తరాలు ఏమయ్యాయి? లస్క్ ఉత్తరం పోయింది, ఫోటోయే మిగిలింది. డియర్ బాస్ కూడా పోలీసు ఫైల్లోంచి ఎప్పుడో మాయమై, 1987 నవంబరులో పోస్టులో తిరిగొచ్చింది. పంపినవాళ్ల పేరు లేదు.