యంగ్ అడల్ట్ ఫాంటసీ ప్రేమకథలు: ఒక అనువాదకురాలు రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

టీనేజ్ పాఠకుల కోసం రాసిన ఫాంటసీ నవలల్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తేవడం, ఇతరులు తెచ్చినవాటిని దిద్దడం నా పని. వాటిలో ఇద్దరబ్బాయిలో ఇద్దరమ్మాయిలో ప్రేమించుకునే కథలే ఎక్కువ. ఆ ప్రేమికులు ఒక్కోసారి ఇద్దరు రాకుమారులు. ఒక్కోసారి ఒక మంత్రగత్తె, ఆమెని పట్టుకోవడానికి వచ్చిన సైనికురాలు. నా పని గురించి చెప్పగానే ఎదుటివాళ్ళు ఏమంటారో నాకిప్పుడు కంఠతా వచ్చు.

అపోహ: ‘యంగ్ అడల్ట్’ అంటే పెద్దవాళ్ళకి మాత్రమే

తప్పంతా ఆ పేరుదే. ‘అడల్ట్’ అనగానే మనకి సినిమా పోస్టరు మీది ‘ఎ’ గుర్తొస్తుంది. ప్రచురణ రంగంలో మాత్రం యంగ్ అడల్ట్ అంటే 12 నుంచి 18 ఏళ్ళ పాఠకులు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లో వాళ్ళ కోసమే ఒక విభాగం 1957 నుంచీ ఉంది. కథలో హీరోల వయసు కూడా ఆ చుట్టుపక్కలే. ప్రేమ చాలావరకు చూపులతో మొదలై ఒక ముద్దు దగ్గర ఆగుతుంది.

ఒక అబ్బాయి, అమ్మాయి మంచుతుపానులో చిక్కుకుని ఒకే దుప్పటి కప్పుకుని కూర్చుంటే ‘ఎంత ముద్దుగా ఉందో’ అంటారు. ఆ దుప్పటి కింద ఇద్దరూ అబ్బాయిలైతే ‘ఇది పిల్లలు చదివేదేనా?’ అని అడుగుతారు. దుప్పటి అదే, చలీ అదే.

జాగ్రత్త పడాల్సింది వేరేచోట. ‘రొమాంటసీ’ (రొమాన్స్, ఫాంటసీ కలిపినవి) అని ఇప్పుడు బాగా అమ్ముడవుతున్న నవలల్లో పెద్దల కోసం రాసినవి చాలా ఉన్నాయి. 2009లో అమెరికన్ ప్రచురణ సంస్థ సెయింట్ మార్టిన్స్ ప్రెస్ వాడుకలోకి తెచ్చిన ‘న్యూ అడల్ట్’ అనే కోవ ఇంకొకటి, అది 18 దాటినవాళ్ళ కథలది. అట్టలు మాత్రం అన్నిటికీ ఒకేలా ఉంటాయి: ఒక కత్తి, ఒక కిరీటం, చుట్టూ ముళ్ళతీగ. కొనేముందు అట్టని నమ్మకండి, ఏ వయసువాళ్ళ కోసమో లోపల వెతకండి.

అపోహ: చదివితే పిల్లలు అలా మారిపోతారు

డ్రాగన్ల కథలు చదివి ఇంతవరకు ఎవరికీ రెక్కలు మొలవలేదు. స్వలింగ ఆకర్షణని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో జబ్బుల జాబితా నుంచి తీసేశాయి. జబ్బే కానిది పుస్తకం పట్టుకుంటే అంటుకోదు కదా.

అపోహ: ఇవన్నీ చివరికి ఏడుపే

ఇది పూర్తిగా గాలిమాట అనలేను. ఒకప్పుడు అలాగే రాయాల్సి వచ్చేది. ఇంగ్లీషు రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ ‘మారిస్’ నవలని 1913-14లో రాశారు. ఇద్దరు మగవాళ్ళు చివర్లో సుఖంగా ఉండి తీరాలని ఆయన పట్టుదల. ఆయన బతికుండగా ఆ పుస్తకం అచ్చుకాలేదు. 1971లో, ఆయన పోయిన మరుసటేడు వచ్చింది. 1952లో అమెరికన్ రచయిత్రి మరిజేన్ మీకర్ కలంపేరుతో ‘స్ప్రింగ్ ఫైర్’ రాసినప్పుడు, ఇద్దరమ్మాయిల కథ సుఖాంతమైతే పోస్టాఫీసు వాళ్ళు పుస్తకాల్ని పట్టేసుకుంటారని ప్రచురణకర్తలు ముందే చెప్పేశారు. దాంతో ఒకమ్మాయి మానసిక చికిత్సాలయానికి వెళ్తుంది, రెండో అమ్మాయికి తనసలు ప్రేమించనేలేదని అనిపిస్తుంది.

టీనేజర్ల కోసం ఈ విషయాన్ని ముట్టుకున్న తొలి నవలగా చెప్పుకునేది జాన్ డోనవన్ 1969లో రాసినది. అందులో ఆ పిల్లవాడి కుక్క కారు కింద పడి చచ్చిపోతుంది, తను స్నేహితుణ్ణి ముద్దు పెట్టుకున్నందుకే ఇలా జరిగిందని వాడు కుమిలిపోతాడు. కుక్కని ఎందుకు చంపారండీ అని నాకిప్పటికీ బాధే. 1982లో నాన్సీ గార్డెన్ రాసిన ‘ఆనీ ఆన్ మై మైండ్’లో ఇద్దరమ్మాయిలు విడిపోయి మళ్ళీ దగ్గరవుతారు. ఏడుపు లేకుండా ముగించిన ఆ పుస్తకాన్ని 1993లో అమెరికాలోని కాన్సస్ సిటీలో తగలబెట్టారు. అక్కడికి దగ్గర్లోని ఒలేతాలో స్కూలు లైబ్రరీల నుంచి తీసేస్తే పిల్లలు, తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. 1995లో తిరిగి పెట్టమని తీర్పు వచ్చింది.

ఇప్పుడు లెక్క వేరు. ‘రొమాన్స్’ అని ముద్రవేసి అమ్మే నవల ఆశ మిగిల్చేలా ముగుస్తుందని పాఠకులు నమ్మి కొంటారు. ప్రేమికుల్లో ఒకరిని చివర్లో చంపేసే అలవాటుకి ఇంగ్లీషులో ‘బరీ యువర్ గేస్’ (మీ గే పాత్రల్ని పాతిపెట్టండి) అని వెక్కిరింత పేరే ఉంది. నా చేతికి వచ్చిన రాతప్రతిలో అలాంటి చావు కనిపిస్తే నేను అడిగేది ఒకటే: కథకి ఇది కావాలా, లేక ఎలా ముగించాలో తెలియక చంపారా?

అపోహ: ఎల్‌జీబీటీ వాళ్ళు (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు వగైరా) తప్ప ఇంకెవరూ చదవరు

దొంగల కథలు దొంగలే చదువుతున్నారా ఏమిటి!

అపోహ: ఫాంటసీయే కదా, ఏదైనా రాసుకోవచ్చు

కొత్తగా రాసేవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. ఈ మధ్య ఒక తెలుగు రాతప్రతి దిద్దాను. అందులో ఒక రాజ్యానికి ఇద్దరు రాణులు, వాళ్ళిద్దరూ దంపతులు. ఎవరికీ అది వింతగా తోచదు. పురోహితుడు, కాపలావాడు, అంగట్లో ముసలమ్మ అందరూ ‘పెద్దరాణి, చిన్నరాణి’ అంటూ మామూలుగా మాట్లాడుకుంటారు. చాలా బాగుంది. తొమ్మిదో అధ్యాయంలో వాళ్ళ కూతురు తను ఒక అమ్మాయిని ప్రేమించానని చెప్పడానికి వణికిపోతూ అంతఃపురం గుమ్మం ముందు నిలబడుతుంది. ‘అమ్మలకి తెలిస్తే?’ అనుకుంటుంది.

తెలిస్తే ఏమవుతుంది? ఆ లోకంలో ఏమీ కాదు. రచయిత్రి మన లోకపు భయాన్ని తెలియకుండానే అక్కడికి మోసుకెళ్ళింది. మార్జిన్‌లో ‘ఈ పిల్ల ఎవరికి భయపడుతోంది?’ అని రాసి పంపాను. రెండు వారాల తర్వాత కొత్త అధ్యాయం వచ్చింది. ఆ ప్రియురాలు ఇప్పుడు సరిహద్దు అవతలి కోటకి వారసురాలు. వణుకు అలాగే ఉంది, దానికి కారణం దొరికింది.

దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంటుంది. సింహాసనం రక్తసంబంధం ఉన్న వారసుడికే దక్కాలనే నియమం కథలో ఉంటే, ఇంకో రాకుమారుణ్ణి ప్రేమించిన యువరాజుకి నిజంగానే చిక్కు వస్తుంది. ఆ చిక్కుని ముడి విప్పకుండా వదిలేస్తే పాఠకుడు ఊరుకోడు. మంత్రదండానికి నియమాలు కావాలని అందరికీ తెలుసు, పెళ్ళికీ వారసత్వానికీ కూడా కావాలని చాలామందికి తట్టదు.

అపోహ: ఈ కథలు తెలుగులో ఇమడవు, భాష ఒప్పుకోదు

నిజంగా తిప్పలు పడేది ఒక్కచోటే. ఆడా మగా అని చెప్పుకోని పాత్రకి ఇంగ్లీషులో ‘దే’ అని వాడేస్తారు. మనకి ‘తను’ ఉంది కదా అని సంబరపడతాం, కానీ వెనకాలే క్రియ వచ్చి గుట్టు విప్పేస్తుంది: తను వచ్చాడు, తను వచ్చింది. పోనీ ‘వచ్చారు’ అందామంటే, గోడ దూకే పదిహేడేళ్ళ జేబుదొంగ దొరగారిలా వినిపిస్తారు. అయినా ఒక నవలలో నేను ‘వచ్చారు’కే ఓటేశాను. మొదటి ముప్ఫై పేజీలు చెవికి గుచ్చుకుంటుంది, ఆ తర్వాత ఆ దొంగగారి మీద గౌరవం కూడా కుదురుతుంది.

మిగతా విషయాల్లో తెలుగే మెరుగు. కథ ‘నేను’ అని నడిస్తే ‘వచ్చాను, చూశాను’ అనే మాటల్లో ఆడో మగో ఎక్కడా బయటపడదు. హిందీలో ఆ సౌకర్యం లేదు.

అన్నిటికన్నా నాకిష్టమైనది ‘మీరు’, ‘నువ్వు’. ఇంగ్లీషులో శత్రువుకీ ప్రియురాలికీ ఒకటే ‘యు’. మనకలా కాదు. పగతో ఉన్న రెండు వంశాల అమ్మాయిలు మొదట్లో ఒకరినొకరు మంచుగడ్డలాంటి ‘మీరు’తో పలకరించుకుంటారు. కోపమొస్తే దగ్గరివాళ్ళని కూడా ‘మీరు’ అనడం మనకి తెలిసిందే. ఆ ‘మీరు’ ఏ పేజీలో ‘నువ్వు’ అవ్వాలో మూల రచయిత్రి చెప్పలేదు, నేనే తేల్చుకోవాలి. ముందే మారిస్తే తొందరపాటు, ఆలస్యమైతే పాఠకులకి విసుగు.

రెండో అధ్యాయంలో ఒకమ్మాయి రెండో అమ్మాయి గొంతు మీద కత్తి పెడుతుంది. ‘కత్తి కింద పెట్టండి’ అంటుంది ఆ పిల్ల, బెదరకుండా. ఇరవయ్యో అధ్యాయంలో ఆ కత్తి పెట్టిన అమ్మాయే గాయంతో, నిద్రలేకుండా, గుహ ముందు కాపలా కూర్చుంటుంది. రెండోది పక్కన చేరి మళ్ళీ ఆ మాటే అంటుంది. ఇంగ్లీషులో రెండు వాక్యాలకీ అక్షరం తేడా లేదు. నేను రెండోసారి ‘కత్తి కింద పెట్టు’ అని రాశాను. ప్రూఫులు చదివిన కుర్రాడు ఆ పేజీ అంచున పెన్సిల్‌తో ‘అమ్మయ్య’ అని రాసి పంపాడు.