కోడిపిల్లలకు ఏ వెచ్చదనం మేలు?

జనవరి తెల్లవారుజామున దేవరకొండ వైపు ఇళ్లలో షాబాదు బండల మీద ఉత్త కాళ్లతో నిలబడితే పెద్దవాళ్లకే పాదాలు జివ్వుమంటాయి. అదే నేల మీద అట్టపెట్టెలో ఉన్న ఒక్కరోజు కోడిపిల్ల 40 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. దాని ఒంటి మీద ఉన్నది నూగు మాత్రమే. బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి ఒంట్లోని వేడి త్వరగా బయటికి పోతుంది. ఆ లోటును తానే పూడ్చుకొనే శక్తి రెండు మూడు వారాల దాకా పూర్తిగా రాదు. అందుకే మొదటి వారం పిల్ల వీపు ఎత్తున సుమారు 35 డిగ్రీల సెల్సియస్ ఉండేలా చూసి, ఆ తరువాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి.

తల్లి ఉంటే ఈ లెక్కలు అక్కర్లేదు. పొదిగే పెట్ట పొట్ట కింద ఈకలు రాలి చర్మం బయటపడుతుంది, అక్కడ రక్తప్రసరణ పెరుగుతుంది. పిల్లలు ఆ చర్మానికి వీపు ఆనించి వెచ్చబడతాయి, చల్లగాలిలోకి వచ్చి నాలుగు గింజలు ఏరుకుంటాయి, మళ్లీ రెక్కల కిందికి దూరుతాయి. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా వంటి పెరటి కోళ్ల రకాల పిల్లలను, గుడ్లను యంత్రంలో పొదిగించే హేచరీ నుంచి తెచ్చుకుంటే తల్లి రాదు కనుక, ఆ వెచ్చని మూలనూ దాని పక్కనే చల్లని చోటునూ మనమే కల్పించాలి. గదంతా ఒకేలా వేడెక్కించే రూమ్ హీటర్ ఈ పనికి సరిపోదని నా అభిప్రాయం. పిల్లకు వేడెక్కినా పారిపోయే చోటు ఉండదు.

పాత ఫిలమెంట్ బల్బు తాను తీసుకున్న కరెంటులో చాలా భాగాన్ని వేడిగానే వదులుతుంది. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుందే గాని పిల్లలకు చాలినంత వేడి ఇవ్వదు. పిల్లకు 2 వాట్లు అన్న వాడుక లెక్కన 50 పిల్లలకు 100 వాట్లు కావాలి. ఒక్క 100 వాట్ల బల్బు కన్నా రెండు 60 వాట్ల బల్బులు మంచివి, అర్ధరాత్రి ఒకటి మాడిపోయినా రెండోది నిలుస్తుంది. 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ దీపం బలమైనదే, కానీ అది జారి ఊక మీద పడితే నిప్పు అంటుకుంటుంది. దాన్ని వైరుతో వేలాడదీయకుండా గొలుసుతో కట్టాలి. పగిలినా ముక్కలు పడవని అమ్మే టెఫ్లాన్ పూత బల్బులు అసలు వద్దు; వేడెక్కిన ఆ పూత ఆవిరి పక్షులను చంపుతుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ పిల్లలకే కాదు, మనకూ ప్రాణాంతకం.

నన్నడిగితే, ఇంట్లో పెంచే పదీ ఇరవై పిల్లలకు బ్రూడర్ ప్లేటు, అంటే కాళ్ల మీద నిలబడి కరెంటుతో వెచ్చబడే పలక, అన్నిటికన్నా తల్లికి దగ్గర. పిల్లల వీపు తగిలే ఎత్తులో పెడితే అవి దాని కింద చీకట్లో నిద్రపోతాయి, కరెంటూ తక్కువే కాలుతుంది. బల్బు కింద రాత్రంతా వెలుతురే.

ఏది పెట్టినా, బండల మీద ముందు గోనెసంచి, దానిపై రెండు అంగుళాల వరి ఊక పరచాలి. నున్నటి కాగితం పరిస్తే కాళ్లు పక్కలకు జారి వంకర పోతాయి. థర్మామీటరు కన్నా పిల్లల తీరును నేను ఎక్కువ నమ్ముతాను: ఒకదానిపై ఒకటి కుప్పపడి ఆగకుండా అరిస్తే చలి, రెక్కలు జారవేసి నోళ్లు తెరిచి అంచులకు పోతే ఉక్క, అంతటా పరుచుకొని మేస్తుంటే సరి. ఒక పిల్లను తీసి దాని పాదాలను మన చెంపకు ఆనిస్తే, చల్లగా తగిలిన పాదం చలిని వెంటనే చెబుతుంది.

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా ఏప్రిల్, మే పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది గనుక అప్పుడు బల్బు ఆర్పి నీళ్లు నీడలో పెట్టాలి. తెల్లవారుజామున మాత్రం మొదటి వారం పిల్లలకు వేడి కావలసిందే. మూడో వారానికి రెక్కలకూ భుజాలకూ ఈకలు వస్తాయి. అప్పుడు ముందు పగలు, తరువాత రాత్రి వేడి మాన్పిస్తూ వస్తే, నాలుగో వారం చివరికి చాలా పిల్లలకు బల్బు అవసరమే ఉండదు.