పదో తరగతి దాటాక బస్సు ఖర్చు: అపోహలు, వాస్తవాలు

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో తిరుపతి, చిత్తూరు ఇళ్ళల్లో మాటలన్నీ ఏ కాలేజీ, ఏ గ్రూపు, ఫీజెంత అనే వాటి మీదే ఉంటాయి. బస్సు సంగతి అడ్మిషన్ అయిపోయి రసీదు చేతికొచ్చాక గుర్తొస్తుంది. అప్పటికి బేరమాడే అవకాశం పోయుంటుంది. పైగా పదహారేళ్ళు దాటిన పిల్లల విషయంలో అంతకుముందున్న కొన్ని రాయితీలు ఆగిపోతాయి, కొన్ని కొత్తవి మొదలవుతాయి. ఏవి ఆగుతాయో ఏవి మొదలవుతాయో తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

అపోహ: ఇన్నాళ్ళూ పాసు ఉచితమే కదా, సర్కారు కాలేజీలో చేరితే ఇంటర్‌లోనూ ఉచితమే.

కాదు. ఆర్టీసీ ఉచిత పాసుకు వయసూ తరగతీ రెండూ చూస్తారు. అబ్బాయిలకు పన్నెండేళ్ళ లోపు, ఏడో తరగతి వరకే. అమ్మాయిలకు పద్దెనిమిదేళ్ళ లోపు, పదో తరగతి వరకే. కాలేజీ ప్రభుత్వానిదా ప్రైవేటుదా అన్నదానితో ఈ పాసుకు సంబంధం లేదు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో పుస్తకాలు ఇస్తున్నారు, 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. బస్సు మాత్రం ఇంటి ఖర్చే. విద్యా హక్కు చట్టం ఉందిగా అంటారు కొందరు. ఆ చట్టం వర్తించేది 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు. ఇంటర్ పిల్లల రవాణాకు దాన్ని పట్టుకుని లాభం లేదు.

అపోహ: అమ్మాయికి కూడా స్టూడెంట్ పాసు తీయాల్సిందే.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం నడుస్తోంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ – ఈ ఐదు రకాల బస్సుల్లో రాష్ట్రంలో ఉండే ఆడవాళ్ళకు టికెట్టు డబ్బు లేదు. వయసుతో పనిలేదు, చదువుతో పనిలేదు. కాబట్టి ఇంటర్, డిగ్రీ అమ్మాయికి ఈ బస్సుల కోసం విడిగా పాసు కొనడం దండగ. చేయాల్సినవి రెండే. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు బ్యాగులో ఉండాలి, కండక్టర్ దగ్గర జీరో టికెట్ అడిగి తీసుకోవాలి. ‘ఫ్రీనే కదా’ అని టికెట్టు తీసుకోకుండా కూర్చుంటే చెకింగ్‌లో దొరికేది అక్కడే.

చిత్తూరు వైపు వాళ్ళు బోల్తా పడే చోటు ఇంకొకటుంది. అంతర్రాష్ట్ర సర్వీసులకు ఈ పథకం లేదు. చిత్తూరు నుంచి వేలూరు కాలేజీకి పోయే అమ్మాయి ఎక్కేది వేలూరు బస్సు కాబట్టి టికెట్టు కొట్టాల్సిందే. తిరుపతి నుంచి తమిళనాడు వైపు వెళ్ళే సర్వీసులదీ ఇదే కథ. తిరుమల కొండ మీదికి వెళ్ళే సప్తగిరి బస్సులకూ వర్తించదు.

అపోహ: అబ్బాయి చేతిలో పాసుంటే ఏ ఆర్టీసీ బస్సైనా ఎక్కొచ్చు.

మామూలు స్టూడెంట్ పాసు పల్లెవెలుగు తరగతిది, అందులోనూ పాసు మీద రాసిన రూటుకే. ఎక్స్‌ప్రెస్ ఎక్కితే టికెట్టు తీయాలి. తిరుపతి–చిత్తూరు లాంటి పెద్ద రోడ్ల మీద ఈ తేడా గట్టిగా తగులుతుంది. ఉదయం కాలేజీ టైముకు పల్లెవెలుగు దొరక్క పిల్లోడు వారానికి రెండు మూడు సార్లు ఎక్స్‌ప్రెస్ ఎక్కాడంటే పాసులో మిగిలిందంతా అందులోనే పోతుంది. అందుకే పాసు కట్టే ముందు మీ స్టేజీలో పొద్దున ఆగే పల్లెవెలుగులు ఏవి, సాయంత్రం కాలేజీ వదిలాక వచ్చేవి ఏవి అని డిపోలోనో బస్టాండు ఎంక్వయిరీలోనో అడిగి రాసుకోండి. ఒకే ఇంట్లో అక్కకు ఎక్స్‌ప్రెస్ ఉచితం, తమ్ముడికి పల్లెవెలుగు పాసు. ఇద్దరినీ ఒకే బస్సులో పంపాలనుకుంటే ఆ బస్సు పల్లెవెలుగే అయ్యుండాలి.

పాసు తీయడం ఇలా ఉంటుంది. ఆర్టీసీ పాసుల వెబ్‌సైట్లో దరఖాస్తు నింపాలి. కాలేజీ ఆర్టీసీ జాబితాలో నమోదై ఉండాలి, విద్యార్థి వివరాలను కాలేజీ ధ్రువీకరించాలి. ఆ తర్వాత ఆధార్, బోనఫైడ్, ఫొటోతో బస్టాండు పాసుల కౌంటర్‌కు వెళ్ళి డబ్బు కట్టాలి. ఆగిపోయేది ఎక్కువగా మూడు చోట్ల. కాలేజీ ధ్రువీకరణ చేయకుండా కూర్చోవడం ఒకటి. ఇందుకు ఆర్టీసీ కౌంటర్‌లో గొడవపడి లాభం లేదు, కాలేజీ ఆఫీసులోనే అడగాలి. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పదో తరగతి మెమోలో ఇంకో స్పెల్లింగు ఉండటం రెండోది. ఇక మూడోది స్టేజీ పేరు. ఊరి పేరు రాస్తారు, బస్సు ఆగేది మాత్రం క్రాస్ రోడ్డు దగ్గర. ఛార్జీ దూరపు స్లాబుల మీద ఉంటుంది కాబట్టి స్టేజీ ఒకటి అటూ ఇటూ అయితే స్లాబే మారిపోవచ్చు. మధ్యలో బస్సు మారాల్సి ఉంటే దాన్నీ దరఖాస్తులోనే చూపించాలి. రెన్యువల్‌ను దసరా, సంక్రాంతి సెలవులకు ముందు రోజు చేయించకండి, కాలేజీ తెరిచిన రోజు చేయించండి.

అపోహ: కాలేజీ బస్సు ఫీజు కిలోమీటర్లను బట్టి, డీజిల్ ధరను బట్టి ఉంటుంది.

కాలేజీవాళ్ళు చెప్పే కారణం ఇదే, తల్లిదండ్రులు నమ్మేదీ ఇదే. ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. యాభై సీట్ల బస్సు, ముప్ఫై కిలోమీటర్ల రూటు. డ్రైవర్ జీతం 18,000, అటెండర్ 9,000, ఇన్సూరెన్సు, పన్ను, ఫిట్‌నెస్ కలిపి నెలకు 10,000, టైర్లు, సర్వీసు 12,000, బండి అప్పు వాయిదా 35,000. బండి కదిలినా కదలకున్నా దాదాపుగా పడే ఖర్చు 84,000. ఇక డీజిల్. లీటరుకు ఐదు కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. రోజుకు అరవై కిలోమీటర్లకు పన్నెండు లీటర్లు, 97 రూపాయల చొప్పున 1,164. ఇరవై నాలుగు రోజులకు సుమారు 28,000. మొత్తం 1,12,000. అందులో డీజిల్ పాలు నాలుగో వంతే.

ఇప్పుడు ఆ బస్సులో నలభై మంది ఎక్కితే తలకు 2,800. ఇరవై ఎనిమిది మందే ఎక్కితే 4,000. రూటు అదే, డీజిల్ అదే. ఖాళీ సీట్ల ఖర్చు ఎక్కిన పిల్లల మీద పడింది, అంతే.

ఇంకో ఖర్చు కంటికి కనిపించదు. బస్సు రాత్రి ఎక్కడ ఆగుతుంది? డ్రైవర్‌ది రూటు చివరి ఊరే అయితే బండి అక్కడే ఆగుతుంది, పొద్దున పిల్లలతో వస్తుంది, సాయంత్రం పిల్లలతో పోతుంది. రోజుకు అరవై కిలోమీటర్లు. బండి కాలేజీలో ఆగేదైతే పొద్దున ఖాళీగా పోవాలి, రాత్రి ఖాళీగా రావాలి. అప్పుడు నూట ఇరవై. డీజిల్ 56,000 అవుతుంది, నలభై మంది ఉన్నా తలకు 3,500. పక్క ఊళ్ళ నుంచి ఒకే కాలేజీకి పోయే పిల్లల తల్లిదండ్రులు పదిమంది కలిసి వెళ్ళి, ‘మా వైపు నుంచి ఇంతమంది ఖాయం, బండి మా ఊళ్ళో ఆపుకోండి’ అంటే ఫీజు దిగుతుంది. ఒక్కొక్కరే వెళ్ళి ‘కాస్త తగ్గించండి సార్’ అంటే దిగదు. తగ్గించడానికి ఆయన దగ్గర కారణమేదీ ఉండదు మరి.

అపోహ: వ్యాన్లో, ఆటోలో సర్దుకుంటే చవకే.

చిన్నపిల్లల బండ్లకు చవక రావడానికి కారణం వాళ్ళ సైజు. సుప్రీంకోర్టు మార్గదర్శకాల్లో పన్నెండేళ్ళ లోపు పిల్లలను సీట్ల సంఖ్యకు ఒకటిన్నర రెట్ల దాకా ఎక్కించే సడలింపు ఉంది. పన్నెండు దాటితే ఒక మనిషికి ఒక సీటు. అంటే పన్నెండు సీట్ల వ్యాన్లో చిన్నపిల్లలు పద్దెనిమిది మంది పడతారు, ఇంటర్ పిల్లలు పన్నెండు మందే. స్కూలు రోజుల్లో కట్టిన రేటుకే వ్యాను కుదిరిందంటే డ్రైవర్ ఎక్కువ మందిని కుక్కుతున్నాడని లెక్క. బండి నంబరుతో ఎంపరివాహన్ యాప్‌లో ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు తేదీలు చూడొచ్చు, రెండు నిమిషాల పని. తెల్ల నంబరు ప్లేటు కారును, అంటే సొంత వాడకానికి రిజిస్టరైన బండిని, నెల బాడుగకు తిప్పుతుంటే అసలు ఒప్పుకోకండి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ మొదట ఎత్తి చూపేది అదే.

అపోహ: రైలు పాసు ఉద్యోగస్తులకే పనికొస్తుంది.

మా దృష్టిలో ఈ చుట్టుపక్కల వాళ్ళు అన్నిటికన్నా ఎక్కువగా నష్టపోతున్నది ఇక్కడే. రైల్వే నిబంధనల ప్రకారం ఇంటికీ విద్యాసంస్థకూ మధ్య ప్రయాణానికి అమ్మాయిలకు డిగ్రీ దాకా, అబ్బాయిలకు పన్నెండో తరగతి దాకా సెకండ్ క్లాసు మంత్లీ సీజన్ టికెట్ (నెల పాసు) ఉచితం. మన లెక్కలో అబ్బాయికి ఇంటర్ రెండో ఏడాది వరకు. ఆ తర్వాత డిగ్రీ, ఇంజినీరింగ్ అబ్బాయిలకు సీజన్ టికెట్ మీద సగం రాయితీ, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం. మూడు నెలల టికెట్ తీస్తే నెల ధరకు 2.7 రెట్లే పడుతుంది.

తిరుపతికి నాలుగు వైపులా లైన్లున్నాయి. రేణిగుంట మీదుగా పూడి, తడుకు, పుత్తూరు వైపు ఒకటి. ఏర్పేడు, శ్రీకాళహస్తి వైపు ఒకటి. కోడూరు, రాజంపేట వైపు ఒకటి. చంద్రగిరి, పాకాల మీదుగా చిత్తూరు, కాట్పాడి (వేలూరు పక్క స్టేషన్) వైపు ఇంకొకటి. పైన చెప్పిన వేలూరు సమస్యకూ దారి ఇందులోనే ఉంది. రైల్వేకు రాష్ట్ర సరిహద్దుతో పనిలేదు, చిత్తూరు–కాట్పాడి సీజన్ టికెట్‌కు ఈ రాయితీలు యథాతథంగా వర్తిస్తాయి.

రాయితీకి కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం, ముద్రతో రైల్వే నమూనా ధ్రువపత్రం కావాలి. ఆ ఫారాల పుస్తకం తమ దగ్గర ఉందన్న సంగతి చాలా కాలేజీ ఆఫీసులకే గుర్తుండదు. లేకపోతే స్టేషన్‌లో అడిగి తెప్పించుకోమని చెప్పండి. గుర్తింపు లేని కోచింగ్ సెంటర్ ఇచ్చిన కాగితం చెల్లదు. సీజన్ టికెట్‌తో రిజర్వేషన్ బోగీ ఎక్కకూడదు, సూపర్‌ఫాస్ట్ రైలుకైతే అదనపు ఛార్జీ కట్టాలి. అసలు చిక్కు టైముది. ఈ లైన్లలో ప్యాసింజర్ బండ్లు కొద్ది. పొద్దున బండి కలిసి, సాయంత్రానిది కలవకపోతే సగం రోజులకు బస్సు ఖర్చు తప్పదు. రెండు పూటలా కలిసే ఊళ్ళవాళ్ళు మాత్రం దీన్ని వదులుకోకూడదు.

అపోహ: పదహారు నిండితే గేర్లు లేని స్కూటీ నడపొచ్చు, బస్సు కంటే చవక.

మోటారు వాహనాల చట్టం పదహారేళ్ళకు అనుమతించేది 50 సీసీ లోపు బండికి మాత్రమే. రోడ్డు మీద కనిపించే పెట్రోలు స్కూటర్లు చాలామటుకు 100 సీసీ పైనే. వాటికి పద్దెనిమిది నిండాలి. మైనరు నడుపుతూ పట్టుబడితే 2019లో వచ్చిన 199ఏ సెక్షన్ కింద శిక్ష తండ్రికో బండి యజమానికో పడుతుంది. మూడేళ్ళ వరకు జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. పిల్లవాడికి ఇరవై ఐదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. పోనీ చవకా అంటే, పదిహేను కిలోమీటర్ల దూరానికి నెలకు 720 కిలోమీటర్లు, లీటరుకు 45 వస్తే పదహారు లీటర్లు. లీటరు 110 లెక్కన 1,760. టైర్లు, ఆయిలు, ఇన్సూరెన్సు దీని మీద అదనం. అదే దూరానికి స్టూడెంట్ పాసుతో పోల్చి చూసుకోండి.

మిగతావి చిన్నవే. ‘బస్సు ఫీజుకు జీఎస్టీ కలిపాం’ అని కాలేజీ అంటే రసీదు అడగండి. గుర్తింపు ఉన్న కోర్సు నడిపే విద్యాసంస్థ తన విద్యార్థులకు ఇచ్చే సేవలకు, రవాణాతో సహా, జీఎస్టీ మినహాయింపు ఉంది. ఇన్‌కంటాక్సులో, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళు, మినహాయింపుగా చూపించుకోగలిగేది ట్యూషన్ ఫీజే, బస్సు ఫీజు అందులోకి రాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌లోనూ బస్సు ఫీజు కలవదు. ‘తల్లికి వందనం’ పథకం కింద ఇచ్చే 15,000లో 13,000 అమ్మ ఖాతాలో పడతాయి, దాన్ని బస్సుకు వాడుకోవచ్చు. కానీ అది ఇంటర్ దాకే.

అపోహ: కాలేజీ బస్సు ఫీజంటే ఏడాది మొత్తం ఒకేసారి కట్టాలి, అడగడానికేమీ లేదు.

అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఫీజు ఎన్ని నెలలకు? ఇంటర్ పరీక్షలు ఫిబ్రవరి, మార్చిలోనే జరుగుతాయి, రెండో ఏడాది పిల్లోడు ఆ తర్వాత బస్సెక్కడు. పన్నెండు నెలల ఫీజు అడిగితే ఎందుకో చెప్పమనండి. మధ్యలో హాస్టల్‌కు మారితే ఎంత తిరిగిస్తారు? ఆదివారం స్టడీ అవర్లకు, ప్రాక్టికల్స్ వేరే సెంటర్లో పడితే అక్కడికి బస్సు వస్తుందా? ఎక్కే స్టాపు మారితే తేడా ఎంత? బండి చెడిపోయిన రోజు ఆర్టీసీలో వస్తే ఆ టికెట్టు ఎవరిది? జవాబులు రసీదు వెనకైనా సరే రాయించి, ఆఫీసు ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెప్పిన క్లర్కు మరుసటి జూన్‌కు అక్కడ ఉండకపోవచ్చు. మొదటి వాయిదా ఒక్క టర్ముకే కట్టి, మొదటి నెలలో బస్సు నిజంగా ఎన్నింటికి వస్తోందో చూసుకుని మిగతాది కట్టండి.